ర్యామ్ కొనే ముందు: ప్రాసెసర్, బోర్డు, విండోస్, ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిపోతాయో చూసుకోవడం ఎలా

పాత సిస్టమ్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అదే అందరూ సీటీసీ అనే చోటికి వెళ్లి ఇంకో 4 జీబీ స్టిక్ తెచ్చి బిగిస్తారు. ఆన్ చేస్తే "ఇన్‌స్టాల్డ్ మెమరీ 8.00 జీబీ, 3.24 జీబీ యూజబుల్" అని వస్తుంది. స్టిక్ పోయిందనుకుని మళ్లీ షాపుకి పరుగు. నిజానికి స్టిక్‌లోనూ స్లాట్‌లోనూ ఏ లోపమూ లేదు. లోపల నడుస్తున్నది 32-బిట్ విండోస్. దానికి 8 ఇచ్చినా 16 ఇచ్చినా వాడుకునేది ఆ మూడు చిల్లరే.

ర్యామ్ మీ ప్రోగ్రామ్ దాకా చేరాలంటే ప్రాసెసర్, మదర్‌బోర్డు, బయాస్ (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్), విండోస్ ఎడిషన్, చివరగా ఆ ప్రోగ్రామ్, ఇన్ని గేట్లు దాటాలి. వీటిలో ఏది అన్నిటికన్నా ఇరుకో అదే మీ పరిమితి. మిగతావి ఎంత వెడల్పున్నా లాభం లేదు. డబ్బు పెట్టక ముందే ఆ ఇరుకు గేటు ఏదో కనుక్కోవాలి. అరగంట పని.

ముందుగా ఒక మాట. మన దగ్గర క్యాబినెట్ డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనేస్తారు. ఇక్కడ మాత్రం ప్రాసెసర్ అంటే ఫ్యాన్ కింద ఉండే ఆ చిన్న చిప్పే.

4 జీబీ గోడ ఎందుకుంది

బండి నంబరు ప్లేటు గుర్తు చేసుకోండి. చివరి నాలుగంకెలు 0001తో మొదలై 9999తో అయిపోతాయి. ఆ తర్వాత వచ్చే బండికి నంబరు ఇవ్వాలంటే ముందున్న అక్షరాల సిరీస్ మార్చాల్సిందే. మెమరీలోనూ ప్రతి బైటుకీ ఒక నంబరు ఉంటుంది. 32-బిట్ సిస్టమ్‌లో ఆ నంబరు రాయడానికి 32 గళ్లే ఉంటాయి, ఒక్కో గడిలో సున్నా లేదా ఒకటి. 2ని 32 సార్లు గుణిస్తే 4,29,49,67,296. ఇన్ని బైట్లే కచ్చితంగా 4 జీబీ. ఆ తర్వాతి బైటుకి నంబరు లేదు. అది స్టిక్‌లో ఉన్నా విండోస్ లెక్కలో లేనట్టే.

మరి 4 కూడా కాక 3.24 ఎందుకు చూపిస్తుంది? ఆర్టీఏ వాళ్లు ఫ్యాన్సీ నంబర్లు వేలానికని పక్కన పెడతారు, మామూలు బండికి అవి రావు. అలాగే గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ చిప్, బయాస్, వీటితో మాట్లాడటానికీ ప్రాసెసర్‌కి నంబర్లు కావాలి. 4 జీబీ గీతకి దిగువన కొన్ని వందల ఎంబీల నంబర్లు వాటికి పోతాయి. ఆ నంబర్లలో ఉండాల్సిన ర్యామ్‌కి చోటు దొరకదు. అందుకే ఒక సిస్టమ్‌లో 3.5, ఇంకో దాంట్లో 3.2, పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఇంకా తక్కువ. మీ పక్కింటి వాళ్ల సిస్టమ్‌లో అంకె వేరుగా ఉందంటే కారణం ఇదే.

ఈ గోడకి దారి లేకపోలేదు. 1995లో వచ్చిన పెంటియం ప్రో నుంచే ఇంటెల్ ప్రాసెసర్లకి పీఏఈ అనే ఏర్పాటు ఉంది. 32కి బదులు 36 గళ్లు, అంటే 64 జీబీ దాకా. నంబరు ప్లేటుకి కొత్త సిరీస్ అక్షరం చేర్చినట్టు. విండోస్ సర్వర్‌లో కొన్ని ఎడిషన్లు దీన్ని వాడుకున్నాయి, లినక్స్ కూడా వాడుకుంది. ఇళ్లలో వాడే 32-బిట్ విండోస్‌ని మాత్రం మైక్రోసాఫ్ట్ 4 జీబీ దగ్గరే ఆపేసింది. అప్పటి చాలా డ్రైవర్లు (ప్రింటర్, గ్రాఫిక్స్ కార్డు లాంటి వాటిని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) 4 జీబీ దాటిన నంబరు కనిపిస్తే తికమకపడి సిస్టమ్‌ని క్రాష్ చేసేవి. కాబట్టి 32-బిట్ విండోస్‌లో పూర్తి ర్యామ్ తెప్పిస్తామంటూ నెట్‌లో తిరిగే ప్యాచ్‌ల జోలికి వెళ్లకండి. అవి విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ ఫైల్‌ని మార్చేస్తాయి, ఆ డ్రైవర్ల తికమక మాత్రం అలాగే ఉంటుంది.

2003లో ఏఎండీ ఆప్టెరాన్‌తో 64-బిట్ ఎక్స్86 (సెట్టింగ్స్‌లో ఎక్స్64 అని కనిపించేది) వచ్చాక ప్రాసెసర్ వైపు ఈ బాధ తీరింది. మామూలు 64-బిట్ ప్రాసెసర్లు ఒక్కో ప్రోగ్రామ్‌కి వాడే నంబరుకి 48 గళ్లుంటాయి, అంటే 256 టీబీ. ఇంట్లో అంత ర్యామ్ ఎవరూ పెట్టరు. ఇప్పుడు గోడ కట్టేది బోర్డు, లేదంటే విండోస్ లైసెన్సు.

మొదటి పని: ఇప్పుడున్నదేమిటో రాసుకోండి

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. "సిస్టమ్ టైప్" అనే వరుస మనకి కావాలి. అక్కడ "32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64-బేస్డ్ ప్రాసెసర్" అని ఉంటే శుభవార్త. ప్రాసెసర్ 64-బిట్‌దే, విండోస్ మారిస్తే చాలు. "ఎక్స్86-బేస్డ్" అని ఉంటే ప్రాసెసరే 32-బిట్‌ది, దాని మీద ఇక పైసా పెట్టకండి.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ చూడండి. "స్లాట్స్ యూజ్డ్" పక్కన 1 ఆఫ్ 2 అనో 2 ఆఫ్ 4 అనో ఉంటుంది. "హార్డ్‌వేర్ రిజర్వ్డ్" పక్కన అంకె, "కమిటెడ్" కింద రెండంకెలు ఉంటాయి. ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. స్లాట్ల సంఖ్య ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, ముఖ్యంగా ర్యామ్ బోర్డుకే అతికించి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో. మూత తీసి కంటితో చూసుకోవడమే నయం.

రెండో పని: ప్రాసెసర్, బోర్డు

ప్రాసెసర్ పేరుతో కంపెనీ సైట్‌లో వెతికితే "మ్యాక్స్ మెమరీ సైజ్" దొరుకుతుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్లతో ఇబ్బంది తక్కువ. రైజెన్ 5 5600జీకి 128 జీబీ. చవక ల్యాప్‌టాప్‌లలో వచ్చే సెలెరాన్ ఎన్4020 లాంటి వాటికి 8 జీబీయే గరిష్ఠం.

డెస్క్‌టాప్‌లో అసలు ఇరుకంతా బోర్డు దగ్గరే. సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ దొరికే బోర్డుల చిప్‌సెట్ (బోర్డు మీది ముఖ్యమైన చిప్) లెక్కలివి, డీడీఆర్ పక్కనుండే అంకె ర్యామ్ ఎన్నో తరమో చెబుతుంది:

- జీ31: 4 జీబీ. దీనికి 64-బిట్ విండోస్ వేసినా పెద్దగా మార్పు రాదు.
- జీ41: 8 జీబీ.
- హెచ్61, హెచ్81: రెండు స్లాట్లు, ఒక్కో దాంట్లో 8, మొత్తం 16 జీబీ.
- హెచ్110: రెండు స్లాట్లు, 32 జీబీ.
- ఏ520, హెచ్610 డీడీఆర్4 రకంలో రెండు స్లాట్ల బోర్డులు: 64 జీబీ.

ఇవి చిప్‌సెట్ అంకెలు. మీ బోర్డు మోడల్ నంబరు స్లాట్ల మధ్యనో ప్రాసెసర్ పక్కనో ముద్రించి ఉంటుంది. దాంతో తయారీదారు పేజీ తెరిచి ఖరారు చేసుకోండి. అక్కడే "మెమరీ సపోర్ట్ లిస్ట్" కూడా ఉంటుంది. మొత్తం పరిమితితో పాటు ఒక్కో స్లాట్ పరిమితి కూడా చూడాలి. హెచ్61లో రెండు 8 జీబీ స్టిక్‌లు నడుస్తాయి. 16 జీబీ రావాలి కదా అని ఒక్కటే 16 జీబీ డీడీఆర్3 స్టిక్ పెడితే నడవదు.

డీడీఆర్5లో 24, 48 జీబీ స్టిక్‌లు బోర్డుల తర్వాత వచ్చాయి. వాటిని గుర్తించాలంటే చాలా బోర్డులకి బయాస్ అప్‌డేట్ కావాలి. బిగించాక తెర నల్లగా ఉండిపోతే అప్‌డేట్ చేయడానికి పాత స్టిక్ చేతిలో ఉండాలి. కాబట్టి బయాస్ పని ముందు, కొత్త స్టిక్ తర్వాత.

రెండు ప్రాసెసర్ల జియాన్ వర్క్‌స్టేషన్లు రీఫర్బిష్డ్‌గా కొనేవాళ్లు ఇంకోటి చూడాలి. వాటిలో సగం ర్యామ్ స్లాట్లు రెండో ప్రాసెసర్‌కి కట్టి ఉంటాయి. రెండో సాకెట్ ఖాళీగా ఉంటే ఆ స్లాట్లలో ఏం పెట్టినా కనిపించదు. విండోస్ హోమ్ ఎడిషన్ ఒక్క సాకెట్‌నే వాడుతుంది, రెండిటికీ ప్రో కావాలి.

మూడో పని: విండోస్ ఎడిషన్

64-బిట్ విండోస్ 10, 11 హోమ్‌కి 128 జీబీ, ప్రోకి 2 టీబీ, ఎంటర్‌ప్రైజ్‌కి 6 టీబీ. విండోస్ 7 నడుస్తున్న పాత సిస్టమ్ అయితే 64-బిట్ హోమ్ బేసిక్‌కి 8 జీబీ, హోమ్ ప్రీమియంకి 16, ప్రొఫెషనల్, అల్టిమేట్‌లకి 192. విండోస్ 7 స్టార్టర్‌కైతే 2 జీబీయే. 32-బిట్ ఎడిషన్ ఏదైనా, 10 ప్రో అయినా, 4 దాటదు.

హోమ్ 128 అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది. వీడియో ఎడిటింగ్‌కి నాలుగు స్లాట్ల డీడీఆర్5 బోర్డు మీద నాలుగు 48 జీబీ స్టిక్‌లు వేస్తే 192 అవుతుంది. హోమ్ ఎడిషన్‌లో అందులో 64 జీబీ వృథాగా పడి ఉంటుంది. బయాస్‌లో 192 కనిపించి విండోస్‌లో 128 దగ్గర ఆగిందంటే తప్పు ఎడిషన్‌దే.

విండోస్ 11కి 32-బిట్ రూపమే లేదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లినక్స్ వైపూ అదే దారి. ఉబుంటు 17.10 నుంచి 32-బిట్ డెస్క్‌టాప్ ఇవ్వడం మానేసింది, డెబియన్ 13లో 32-బిట్ పీసీ మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేసే వీలు లేదు.

32 నుంచి 64కి మారడం అప్‌గ్రేడ్ బటన్‌తో అయ్యే పని కాదు, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయాల్సిందే. విండోస్ 10 లైసెన్సు మాత్రం అదే ఎడిషన్‌కి 32, 64 రెండిటికీ చెల్లుతుంది, మళ్లీ కొనక్కర్లేదు. ముందు డేటా మొత్తం వేరే డిస్కుకి తీయండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌లో "64-బిట్" ఎంచుకోండి. ఆ టూల్ మామూలుగా ఇప్పుడున్న సిస్టమ్‌నే చూసి 32 అని పెట్టేస్తుంది, "యూజ్ ద రికమెండెడ్ ఆప్షన్స్" దగ్గర టిక్ తీసేస్తేనే మార్చనిస్తుంది. ఇక్కడ పొరపడితే రెండు గంటల పని మళ్లీ మొదటికొస్తుంది.

డీటీపీ షాపుల వాళ్లు ఇక్కడ ఆగాలి

తెలుగు డీటీపీ చేసే చాలా చోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, పక్కన పాత స్కానర్ ఉంటాయి. అక్కడ 32-బిట్ విండోస్ ఉంచుకోవడానికి తగిన కారణాలే ఉన్నాయి. 64-బిట్ విండోస్‌లో 32-బిట్ ప్రోగ్రామ్‌లు నడుస్తాయి, 16-బిట్‌వి అసలు నడవవు. పాత సాఫ్ట్‌వేర్‌లలో కొన్నిటికి ప్రోగ్రామ్ 32-బిట్ అయినా ఇన్‌స్టాలర్ 16-బిట్‌ది. డ్రైవర్లైతే తప్పనిసరిగా 64-బిట్‌వే ఉండాలి. ప్రింటర్, స్కానర్, సాఫ్ట్‌వేర్ తాళంగా ఇచ్చిన డాంగిల్, వీటిలో ఏ ఒక్కదానికి 64-బిట్ డ్రైవర్ లేకపోయినా అది మూలపడుతుంది.

ముందుగా వీటి మోడల్ నంబర్లు రాసుకుని తయారీదారు సైట్‌లో 64-బిట్ డ్రైవర్ ఉందో లేదో ఒక్కొక్కటీ చూడండి. ఒక్కటి లేకపోయినా పాత డిస్కుని ఫార్మాట్ కొట్టకండి. చిన్న ఎస్‌ఎస్‌డీ కొని దాని మీద 64-బిట్ వేసి, పాత డిస్కుని అలాగే పక్కన ఉంచండి. పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖల పని నెత్తి మీద ఉన్నప్పుడు ఈ మార్పు పెట్టుకోవద్దు. పేజ్‌మేకర్ 32-బిట్‌ది కాబట్టి 16 జీబీ వేసినంత మాత్రాన అది ఒక్కటీ వేగంగా పరుగెత్తదు. పేజ్‌మేకర్, ఫోటోషాప్, బ్రౌజర్ మూడూ ఒకేసారి తెరిచి ఉంచితే అప్పుడు తేడా బాగా తెలుస్తుంది.

నాలుగో పని: ప్రోగ్రామ్ పరిమితి

విండోస్‌లో 32-బిట్ ప్రోగ్రామ్‌కి మామూలుగా దక్కేది 2 జీబీ. మిగతా 2 విండోస్ తనకి ఉంచుకుంటుంది. ఎక్కువ వాడుకుంటానని ప్రోగ్రామ్ తయారీలోనే గుర్తు పెట్టి ఉంటే 64-బిట్ విండోస్‌లో 4 జీబీ దాకా వెళ్తుంది. పెద్ద ఎక్సెల్ షీట్ తెరిచినప్పుడు 32 జీబీ ర్యామ్ ఉన్న సిస్టమ్ మీద కూడా మెమరీ చాలట్లేదని వస్తే ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ తెరిచి చూడండి. పై వరుసలో 32-బిట్ అని ఉంటే ఆఫీసు తీసేసి 64-బిట్ వేయాలి. కొత్త ర్యామ్ దీనికి మందు కాదు.

అమీర్‌పేటలో జావా, ఆండ్రాయిడ్ నేర్చుకునే వాళ్లకి రెండు సంగతులు. 32-బిట్ జావాకి విండోస్‌లో హీప్, అంటే ప్రోగ్రామ్ డేటాకి వాడుకునే మెమరీ, ఒకటిన్నర జీబీ చుట్టుపక్కలే ఆగుతుంది. 64-బిట్ జావా మీరేమీ చెప్పకపోతే మొత్తం ర్యామ్‌లో పావు వంతుని గరిష్ఠంగా తీసుకుంటుంది, 8 జీబీ సిస్టమ్‌లో 2 జీబీ. విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యుఎస్‌ఎల్2 వాడితే లినక్స్ వైపు మామూలుగా సగం ర్యామ్ దాకా అనుమతి ఉంటుంది. 16 వేసినా లినక్స్‌లో 8 దగ్గరే కనిపిస్తే కంగారు పడకండి, డబ్ల్యుఎస్‌ఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో పెంచుకోవచ్చు.

ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, ఇరవై ట్యాబ్‌ల బ్రౌజర్ కలిపి నడిపేవాళ్లు ఇలా అంచనా వేసుకోండి: విండోస్‌కి 4, స్టూడియోకి 4, ఎమ్యులేటర్‌కి 3, బ్రౌజర్‌కి 3. అప్పటికే 14 అయింది. 16 సరిపోతుంది గానీ ఊపిరాడదు. రెండు స్లాట్ల బోర్డయితే మొదటిసారే రెండు 16లు వేయడం మంచిది. రెండు 8లు వేసి తర్వాత పెంచాలంటే ఆ రెండూ తీసి పక్కన పెట్టాల్సిందే.

పేజ్‌ఫైల్‌ని ముట్టుకోకండి

టాస్క్ మేనేజర్‌లో రాసుకున్న "కమిటెడ్" అంకెల సంగతి ఇప్పుడు. 13.8/18.4 అని ఉందనుకోండి. రెండో అంకె ర్యామ్, పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైల్) కలిపిన మొత్తం. ప్రోగ్రామ్‌లకి విండోస్ మాట ఇవ్వగలిగేది అంతవరకే. మొదటి అంకె దాన్ని తాకితే ర్యామ్‌లో ఇంకా ఖాళీ ఉన్నా ప్రోగ్రామ్‌లు పడిపోతాయి. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని పేజ్‌ఫైల్ తీసేయమని సలహా ఇస్తుంటారు. 16 జీబీ సిస్టమ్‌లో బ్రౌజర్ ఉన్నట్టుండి మూసుకుపోవడానికి తరచు కారణం అదే. "ఆటోమేటికల్లీ మేనేజ్" టిక్ ఉంచి, సీ డ్రైవ్‌లో చోటు వదలండి.

కొనేటప్పుడు

పాత స్టిక్ తీసి చేత్తో పట్టుకెళ్లండి. మీద అంటించిన చీటీ చూస్తే షాపులో సగం ప్రశ్నలు తీరిపోతాయి. డీడీఆర్3, 4, 5 స్టిక్‌ల గాట్లు వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకటి ఇంకోదాంట్లో దిగదు. ల్యాప్‌టాప్ స్టిక్ పొట్టిది. నాలుగో తరం ఇంటెల్ ల్యాప్‌టాప్‌కి 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, 1.5 వోల్టులది పెడితే ఆన్ కాదు.

మరీ చవకగా దొరికే వాటిలో రెండు రకాల మోసం ఉంటుంది. సర్వర్లలోంచి తీసిన రిజిస్టర్డ్ ఈసీసీ స్టిక్‌లు మామూలు బోర్డులో నడవవు. "ఏఎండీ ఓన్లీ" అని అమ్మే డీడీఆర్2, డీడీఆర్3 స్టిక్‌లు ఇంటెల్ బోర్డు మీద లేవవు. బిల్లు మీద స్టిక్ సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీ దాని మీదే నడుస్తుంది.

నాలుగు స్లాట్లున్నా రెండు పెద్ద స్టిక్‌లే మేలు. రైజెన్ 7000లో రెండు డీడీఆర్5 స్టిక్‌లకి అధికారిక వేగం 5200 అయితే నాలుగు పెడితే 3600కి పడిపోతుంది.

బిగించడం

షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసేయండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. రంగు వేయని చోట క్యాబినెట్ ఇనుముని ముట్టుకోండి, తివాచీ మీద కూర్చుని మాత్రం చేయకండి. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. క్లిప్‌లు తెరిచి, స్టిక్ గాటు స్లాట్‌లోని గట్టు మీదికి వచ్చేలా నిలబెట్టి, రెండు బొటనవేళ్లతో రెండు చివర్లా సమంగా నొక్కండి. ముందు ఒకవైపు టిక్‌మంటుంది, తర్వాత రెండోవైపు. కొన్ని బోర్డుల్లో ఒక్కవైపే క్లిప్ ఉంటుంది, అక్కడ రెండో చివర దిగిందో లేదో పక్కనుంచి తొంగి చూడాలి. బంగారు రంగు గీతలు రెండు చివర్లా ఒకే ఎత్తులో కనిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. ఒకవైపు ఎక్కువ కనిపిస్తే ఆన్ చేయకండి.

హైదరాబాద్ దుమ్ముకి పాత స్లాట్లలో పొర పేరుకుంటుంది. బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఊదితే తడి పడుతుంది. స్టిక్ అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, ఆ పొట్టు స్లాట్‌లో పడకుండా దులపండి. బీప్‌లు కొడుతూ లేవని సిస్టమ్‌లు చాలావరకు ఇంతటితోనే లేస్తాయి.

డీడీఆర్5 సిస్టమ్ మొదటిసారి ఆన్ చేశాక కొన్ని నిమిషాలు నల్ల తెరే ఉంటుంది. బోర్డు ర్యామ్‌ని కొలుచుకుంటోంది. పోయిందనుకుని మధ్యలో స్విచ్ తీస్తే మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతుంది.

అంకె తక్కువగా కనిపిస్తే

ముందు బయాస్‌లో చూడండి. అక్కడే తక్కువుంటే స్టిక్, స్లాట్ లేదా బోర్డు పరిమితి. ఒక్కో స్టిక్‌ని ఒక్కో స్లాట్‌లో మార్చి పెట్టి పరీక్షించండి. బయాస్‌లో సరిగ్గా ఉండి విండోస్‌లో తక్కువుంటే ఇలా వరుసగా:

1. విండోస్ 32-బిట్‌దా, ఎడిషన్ ఏది.
2. విండోస్ కీ, ఆర్ నొక్కి ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి బూట్, అడ్వాన్స్డ్ ఆప్షన్స్‌లో "మ్యాగ్జిమమ్ మెమరీ" టిక్ ఉందేమో. ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. వేగం పెరుగుతుందని ఎవరో చెప్పగా పెట్టి మర్చిపోయినదై ఉంటుంది.
3. 64-బిట్ విండోస్ ఉన్న పాత బోర్డయితే బయాస్‌లో "మెమరీ రీమ్యాప్" (4 జీబీ గీత దిగువన చోటు దొరకని ర్యామ్‌కి పై నంబర్లు ఇచ్చేది) ఎనేబుల్ చేయాలి.
4. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ప్రాసెసర్ గ్రాఫిక్స్ కొంత ర్యామ్ పట్టుకుంటుంది. 16లో 13.9 యూజబుల్ అంటే 2 జీబీ దానికే పోయింది. ఏఎండీ బోర్డులో "యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్" 512 ఎంబీకి తగ్గిస్తే మిగతాది తిరిగొస్తుంది. గేమ్‌లు ఆడేవాళ్లు మాత్రం తగ్గించకండి.

అంకె సరిపోయాక టాస్క్ మేనేజర్‌లో వేగం చూడండి. 3200 స్టిక్ 2400 దగ్గర నడుస్తుంటే బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (స్టిక్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయాలి. చివరగా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రి పడుకునే ముందు పెట్టి వదిలేయండి. యూపీఎస్ లేకపోతే కరెంటు పోయినప్పుడు పరీక్ష మధ్యలో ఆగుతుంది, మళ్లీ పెట్టాలి. పొద్దున చూసేసరికి ఒక్క ఎర్ర వరుస ఉన్నా ముందు ఎక్స్‌ఎంపీ ఆపి ఇంకోసారి నడపండి. అప్పటికీ వస్తే స్టిక్‌లని విడివిడిగా పరీక్షించి, తప్పు చూపించినదాన్ని బిల్లుతో సహా అదే వారంలో షాపుకి తీసుకెళ్లండి.